చేతిలో ఉన్న బొంతలు: ఎవరి పని ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది

ముక్కలపెట్టె:
పాత చర్చ బాగా పొడుగైపోయింది కాబట్టి కొత్తది మొదలుపెడుతున్నా. ఏం కుడుతున్నారు, కొలతలేంటి, ఎక్కడ ఆగింది అని రాస్తే చాలు. ఫోటో పెట్టేటప్పుడు వెనకవైపుది కూడా పెట్టండి. తప్పెక్కడుందో వెనకే తెలుస్తుంది.

నా బల్ల మీద ఉన్నది 60 × 72 అంగుళాల బొంత. 12 అంగుళాల బ్లాకులు (ముక్కలు కలిపి కుట్టిన చదరాలు) అడ్డంగా 5, నిలువుగా 6, మొత్తం 30. సగం తొమ్మిది ముక్కలవి, సగం నక్షత్రాలు. చిక్కేంటంటే తొమ్మిది ముక్కల బ్లాకు చుట్టూ కుట్టుకి వదిలే గుడ్డతో కలిపి 12½ రావాల్సింది 12¼ వస్తోంది, నక్షత్రం ఇంకా చిన్నదిగా 12⅛ వస్తోంది. ముక్కలు కోసిన కొలత మళ్లీ చూశాను, అది సరిగానే ఉంది.

నాలుగోవంతు:
కోత సరిగా ఉంటే ఇక మిగిలింది మార్జినే, అంటే కుట్టుకీ అంచుకీ మధ్య వదిలే గుడ్డ. లెక్క చూడండి. 4½ అంగుళాల ముక్కలు మూడు కలిపితే రెండు కుట్లు. ¼ మార్జిన్ అయితే ఒక్కో కుట్టు అర అంగుళం తింటుంది, 13½లో ఒక అంగుళం పోయి 12½ మిగలాలి. మీది 12¼ అంటే ఒక్కో కుట్టు ⅛ ఎక్కువ తింటోంది. అంటే మార్జిన్ ¼ కాదు, 5/16 పడుతోంది. నక్షత్రంలో నాలుగు వరసలు, మూడు కుట్లు ఉంటాయి కనక ⅜ పోయింది. 12⅛ సరిగ్గా అక్కడికే వచ్చింది.

అన్నీ ఒకే రకం బ్లాకులైతే ఈ తేడా పెద్ద గొడవ కాదు, బొంత కాస్త చిన్నదవుతుంది, అంతే. కుట్ల సంఖ్య వేరువేరుగా ఉన్న బ్లాకులు పక్కపక్కన పెట్టినప్పుడే బయటపడుతుంది.

పరీక్ష ఇలా: 1½ అంగుళాల వెడల్పు, 4 అంగుళాల పొడవున్న మూడు పట్టీలు కలిపి కుట్టండి. ఇస్త్రీ చేసి మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా 1 అంగుళం ఉండాలి, మొత్తం వెడల్పు 3½. మధ్యది ఒక్క గీత తక్కువున్నా సూదిని ఒక మెట్టు కుడికి జరపండి, లేదా ఫుట్‌కి (గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం) కుడిపక్కన ప్లేటు మీద నాలుగైదు పొరల టేపు అతికించి గుడ్డ అంచు దానికి ఆనించి కుట్టండి. టేపు సూదికి ఎదురుగా మాత్రమే ఉంటే చాలదు, సూదికి ముందు రెండు అంగుళాలదాకా రావాలి. గుడ్డ సూది దగ్గరికి వచ్చేసరికే దారిలో పడి ఉండాలి.

పడుగుపేక:
దీనికో మాట కలుపుతా. ఫుట్ మీద "¼" అని రాసి ఉన్నా నమ్మొద్దు. గుడ్డ మడత తిరిగే చోట ఒక పోగు మందం, దారం మందం కలిసి కొంత తినేస్తాయి. అందుకే గీత మీద కాకుండా గీతకి ఒక పోగు గుడ్డ అంచు వైపుగా కుట్టాలి. దారం 40 నంబరుది వాడుతుంటే 50కి మారండి. నంబరు పెరిగితే దారం సన్నబడుతుంది, మడత చదునుగా పడుకుంటుంది. ముక్కలు కలపడానికి 80/12 సూది, టాకా పొడవు 2.0 నుంచి 2.5 మిల్లీమీటర్లు.

ముక్కలపెట్టె:
పరీక్ష చేశాను. మధ్య పట్టీ ⅞. సూది రెండు మెట్లు జరిపితే 1కి వచ్చింది. ఇప్పటికే కుట్టిన 14 బ్లాకులు విప్పాలా?

నాలుగోవంతు:
అన్నీ అక్కర్లేదు. మిగతా 16 బ్లాకుల్నీ కొత్త మార్జిన్‌తో కుట్టండి. పాత 14 చుట్టూ సన్నని పట్టీ వేసి అన్నిటినీ ఒకే కొలతకి కోసుకోవచ్చు, కానీ అప్పుడు అది డిజైన్‌లో భాగంగా కనబడాలి కాబట్టి కొత్తవాటికీ వేయాలి. 1½ అంగుళాల పట్టీ వేస్తే బ్లాకు 14 అంగుళాలకి పెరుగుతుంది. అప్పుడు 30 బ్లాకులు అవసరం లేదు, 4 × 5 పెట్టినా 56 × 70 వస్తుంది. పట్టీ కాస్త వెడల్పుగా, 1¾కి కోసి, కుట్టాక అన్నిటినీ 14½కి చదరంగా కోయండి.

చేయకూడనిది ఒకటుంది: చిన్న బ్లాకుని లాగి పెద్దదాని పక్కన కుట్టడం. ⅛ దాకా గుడ్డ సర్దుకుంటుంది. ⅜ని లాగితే మధ్యలో బుడగ లేస్తుంది, క్విల్టింగ్‌లో, అంటే పైపొర, మధ్య పొర, అడుగు గుడ్డ కలిపి కుట్టేటప్పుడు, అక్కడే మడత పడుతుంది.

చిట్టిబాబిన్:
నాకు వేరే సందేహం అండీ. అతుకు మార్జిన్లు విప్పి రెండుపక్కలా పరచాలా, ఒకే పక్కకి పడుకోబెట్టాలా? ఎక్కడ చదివినా ఒక్కోరకంగా ఉంది.

పడుగుపేక:
ఒకే పక్కకి, ముదురు రంగు వైపు. వరసలు కలిపేటప్పుడు ఒక వరసవి ఎడమకి, కిందివరసవి కుడికి పడుకుంటే రెండు గట్లూ ఒకదానికొకటి ఆనుకుని లాక్ అవుతాయి, పిన్ను లేకపోయినా మూల కలుస్తుంది.

నాలుగోవంతు:
నేను ఒప్పుకోను, అన్నిచోట్లా కాదు. ఎనిమిది మొనలు ఒకే చోట కలిసే నక్షత్రంలో ఒకే పక్కకి పడుకోబెడితే మధ్యలో గుట్ట తయారవుతుంది, సూది దాని మీద ఎక్కలేక టాకా తప్పుతుంది. అక్కడ విప్పి పరచాల్సిందే, టాకా పొడవు 2.0కి తగ్గించి. కాకపోతే విప్పి పరిచిన అతుకు గాడిలో క్విల్టింగ్ చేయకూడదు. అక్కడ సూది కింద గుడ్డ ఉండదు, దారం ఒక్కటే ఉంటుంది. తెగుతుంది.

పడుగుపేక:
ఆ ఒక్క చోటుకి సరే.

ఏ పద్ధతైనా ఇస్త్రీపెట్టెని తోయొద్దు. ఎత్తి, దించి, నొక్కి, మళ్లీ ఎత్తాలి. ముందు కుట్టు మూసి ఉన్నప్పుడే ఒకసారి నొక్కితే దారం గుడ్డలోకి దిగుతుంది, ఆ తర్వాత తెరవాలి. త్రికోణాల్లో క్రాస్ అంచులు (నేతకి ఏటవాలుగా కోసినవి, సులువుగా సాగేవి) ఉంటాయి, ఆవిరి పెట్టి తోస్తే చతురస్రం కాస్తా గాలిపటం అవుతుంది.

ఏటవాలు:
త్రికోణాల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. బ్లాకుల్ని మూలవాటుగా నిలబెట్టి కుడుతున్నాను, బ్లాకు పూర్తయ్యాక 12 అంగుళాలు. పక్కల్లో మిగిలే త్రికోణాలు ఎంతకి కోయాలి? బ్లాకునే సగం కోసి పెడితే సరిపోదా?

నాలుగోవంతు:
సరిపోదు, రెండు కారణాలు. బ్లాకు కొలతనే సగం చేస్తే మార్జిన్‌కి గుడ్డ ఉండదు. రెండోది, చతురస్రాన్ని ఒక్కసారి మూలకి కోస్తే పొడుగు అంచు క్రాస్ అవుతుంది, అదే బొంత బయటి అంచవుతుంది. వేలు తగిలితే సాగే అంచుతో బొంత చుట్టుకొలత నిలవదు.

పక్క త్రికోణాలకి: 12ని 1.414తో గుణించి 1¼ కలపండి. 18¼ అంగుళాల చతురస్రం. దాన్ని రెండు మూలలకీ కోసి నాలుగు త్రికోణాలు చేయండి. అప్పుడు పొడుగు అంచు నేరు పోగు మీద ఉంటుంది.
నాలుగు మూలలకి: 12ని 1.414తో భాగించి ⅞ కలపండి. 9⅜ చతురస్రాలు రెండు, ఒక్కోటి ఒక్కసారే కోయాలి.

ఇవి సరిగ్గా పట్టే కొలతలు. 19, 10 అంగుళాలకి కోసి చివర్లో కత్తిరించడం మేలు, అయితే బ్లాకు మొన నుంచి బయటికి ¼ తప్పకుండా వదలాలి, లేదంటే బైండింగ్ (చివర్లో అంచు చుట్టూ కుట్టే పట్టీ) మొనల్ని మింగేస్తుంది.

చిట్టిబాబిన్:
రెండు రంగుల త్రికోణాలు కలిసిన చతురస్రాలు 48 కావాలి, పూర్తయ్యాక 3 అంగుళాలవి. త్వరగా అయ్యే దారి?

ఏటవాలు:
ఎనిమిదేసి చొప్పున చేయండి. పూర్తయిన కొలతకి ⅞ కలిపి రెట్టింపు చేయాలి: 3⅞ × 2 = 7¾. కానీ 8 అంగుళాలకి కోసుకోండి, చివర్లో సరిచేసుకోవడానికి కొంచెం మిగులుతుంది. లేత, ముదురు చతురస్రాలు మంచివైపులు లోపలికి ఉండేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, లేతదాని మీద రెండు మూలగీతలు గీసి, ప్రతి గీతకీ రెండుపక్కలా ¼ దూరంలో కుట్టండి. తర్వాత నిలువుగా మధ్యకి, అడ్డంగా మధ్యకి, చివర్లో మూలగీతల మీద కోయాలి. నిలువు, అడ్డ కోతల మధ్య గుడ్డ కదిలితే ఎనిమిదీ పోతాయి, అందుకే కింద వేసిన కోత చాపనే తిప్పండి, గుడ్డని ముట్టుకోవద్దు. 48కి ఇలాంటి జతలు ఆరు. ప్రతిదాన్నీ 3½కి సరిచేయండి, స్కేలు మీది 45 డిగ్రీల గీత అతుకు మీద ఉంచి.

కోసేటప్పుడు ప్రతి కొంత దూరానికీ ఒకట్రెండు పోగులు తెగకుండా మిగులుతుంటే కట్టర్ బ్లేడుకి నొక్కు పడింది. ఎక్కువసార్లు అది పిన్ను మీద నడిచిన గుర్తే. గట్టిగా నొక్కి కోస్తే స్కేలు జారుతుంది, బ్లేడు మార్చండి.

చేతికుట్టు:
> లేతదాని మీద రెండు మూలగీతలు గీసి

దేంతో గీస్తున్నారో చూసుకోండి. వేడికి మాయమయ్యే పెన్ను గీత ఇస్త్రీతో పోతుంది, బాగా చలి తగిలితే మళ్లీ తేలుతుంది. ముదురు గుడ్డ మీద కొన్నిసార్లు తెల్లటి చార కూడా మిగులుతుంది. మార్జిన్ లోపలికి పోయే గీతలకే అది వాడాలి, పైకి కనిపించే చోట వద్దు. నీళ్లకి పోయే నీలం పెన్నుది ఇంకో స్వభావం: వేడి తగిలితే గట్టిపడిపోతుంది. ముందు చల్లటి నీళ్లలో పూర్తిగా తడిపి పోగొట్టాకే సబ్బు, ఇస్త్రీ.

ముక్కలపెట్టె:
ఎర్ర గుడ్డ ముందే ఉతకాలా వద్దా అన్నది తేలనే లేదు ఇక్కడ.

పడుగుపేక:
ఎరుపు, ముదురు నీలం, నలుపు, చేత్తో అద్దకం వేసినవి ఉతకాలి. మిగతావి మీ ఇష్టం, అయితే కొన్ని ఉతికి, కొన్ని ఉతక్కుండా ఒకే బొంతలో కలపొద్దు. ఉతకనిది తర్వాత కుంచించుకుని పక్కదాన్ని లాగుతుంది. పట్టీలుగా కోసి అమ్మే చిన్న ముక్కల్ని ఉతకొద్దు, అంచులు పీచులేచి కొలత పోతుంది. అలాంటి వాటికి పరీక్ష: ఒక ముక్కని గోరువెచ్చని సబ్బునీళ్ల గ్లాసులో అరగంట ఉంచి, తీసి తెల్ల గుడ్డ మీద తడిగానే ఆరేయండి. నీళ్లలో రంగు కనిపించి తెల్లగుడ్డ మీద పడకపోతే పర్వాలేదు. తెల్లగుడ్డ మీద మచ్చ పడితే ఆ ముక్కని పక్కన పెట్టాల్సిందే.

చిట్టిబాబిన్:
ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు పట్టుకుంటుందంటారు కదండీ?

పడుగుపేక:
అద్దకం అయిపోయిన నూలు గుడ్డకి అవి పనిచేయవు. పూర్తయిన బొంతలో రంగు దిగితే చేయాల్సింది ఒక్కటే, ఆరనివ్వకూడదు. ఆరితే, ఇస్త్రీ తగిలితే మచ్చ స్థిరపడుతుంది. పెద్ద తొట్టిలో కుళాయికి వచ్చేంత వేడినీళ్లు, డిటర్జెంట్ వేసి బొంత మొత్తం మునిగేలా పెట్టండి. పైకి తేలిన భాగంలో రంగు అక్కడే నిలిచిపోతుంది, మీద బరువు పెట్టైనా ముంచాలి. దిగిన రంగు నీళ్లలో చెదిరిపోయి తెల్ల ముక్క మీద కూర్చోకుండా ఉండాలంటే నీళ్లు చాలా ఉండాలి. రాత్రంతా ఉంచి, నీళ్లు రంగుమారి ఉంటే మార్చి మళ్లీ. నీళ్లు తేటగా ఉండేదాకా ఇదే పని.

ఏటవాలు:
నా పైపొర అయింది, బోర్డరు కుట్టాక అంచులు అలలుగా లేస్తున్నాయి.

నాలుగోవంతు:
పొడుగు పట్టీ తీసుకుని అంచు వెంట కుట్టుకుంటూ పోయి చివర కత్తిరించి ఉంటారు. అంచు ఎప్పుడూ మధ్యకంటే కొంచెం సాగి ఉంటుంది, పట్టీ దాంతోపాటు సాగుతూ ఎక్కువ పడుతుంది. విప్పండి. పైపొరని నిలువుగా మధ్యలో, రెండు అంచులకి కాస్త లోపలగా, మూడు చోట్ల కొలిచి సగటు తీయండి. రెండు పట్టీలనీ ఆ కొలతకే కోసి, నాలుగు భాగాలుగా గుర్తులు పెట్టి గుర్తుకి గుర్తు పిన్ను చేసి కుట్టండి. ఎక్కువున్న గుడ్డ మిషన్ పళ్ల వైపు, కిందకి ఉండాలి. పళ్లే దాన్ని సర్దేస్తాయి. నిలువు పట్టీలయ్యాక అడ్డం కొలవాలి, ముందు కాదు. క్విల్టింగ్‌లో సర్దుకుంటుందిలే అని వదిలేస్తే సర్దుకోదు, మడతగా మారుతుంది.

ముక్కలపెట్టె:
అడుగు గుడ్డ ఎంత కావాలి? పట్టీల ఆలోచన మానేశాను, పాత 14నీ విప్పి మళ్లీ కుడుతున్నాను. 60 × 72 అలాగే ఉంటుంది.

ఏటవాలు:
నాలుగు పక్కలా 4 అంగుళాలు ఎక్కువ, 68 × 80. నేతలో వచ్చే గట్టి పక్క అంచులు తీసేశాక గుడ్డ వెడల్పు 40 అంగుళాలు పనికొస్తుందనుకుంటే రెండు దారులు. నిలువు అతుకైతే 80 అంగుళాల ముక్కలు రెండు, 160 అంగుళాలు, అంటే 4 మీటర్ల పైన. అడ్డ అతుకైతే 68వి రెండు చాలు, 136 అంగుళాలు, మూడున్నర మీటర్లు. అర అంగుళం మార్జిన్‌తో కలిపితే ఎత్తు 79 వస్తుంది, పైనా కిందా 3½ చొప్పున మిగులుతుంది. ఇంట్లో మిషన్ మీద కుట్టేవాళ్లకి అది చాలు. పక్క అంచుల్ని అతుకులోకి పోనివ్వొద్దు, అక్కడి నేత గట్టిగా ఉండి ఉతికాక వేరేగా ముడుచుకుంటుంది.

చేతికుట్టు:
చేత్తో క్విల్టింగ్ చేయాలనుకునేవాళ్లు అడుగుకి పక్కదుప్పటి వాడొద్దు. నేత దట్టంగా ఉంటుంది, సూది దిగదు.

చిట్టిబాబిన్:
మూడు పొరలూ పరవడానికి ఇంట్లో ఖాళీ నేల లేదు. భోజనాల బల్ల ఒక్కటే, అదీ పూట పూటకీ ఖాళీ చేయాలి.

మిషన్‌గూడు:
బల్ల మీద బాగానే అవుతుంది, నడుముకి మేలు కూడా. అడుగు గుడ్డ, బ్యాటింగ్ (మధ్యలో పరిచే మెత్తటి పొర), పైపొర మూడిటికీ నాలుగు పక్కలా మధ్యలో గుర్తు పెట్టుకోండి. అడుగు గుడ్డ తిరగేసి బల్ల మధ్యకి మధ్య గుర్తు పెట్టి, అంచుల్ని బల్లకి క్లిప్పులతో బిగించండి. ముడత లేకుండా ఉండాలి, సాగకూడదు. సాగదీసి బిగిస్తే క్లిప్పు తీయగానే వెనక్కి ముడుచుకుని వెనకవైపు కుచ్చులొస్తాయి. ఆ మీద బ్యాటింగ్, పైపొర. మధ్య నుంచి బయటికి, అరచేయి పెడితే ఏదో ఒక పిన్ను తగిలేంత దగ్గరగా, అంటే 4 అంగుళాలకొకటి, వంపు సేఫ్టీ పిన్నులు పెట్టండి. బల్ల మీదిది అయ్యాక జరిపి మళ్లీ బిగించండి. ఈ సైజుకి సుమారు 270 పిన్నులు పడతాయి. డబ్బాలో ఎన్నున్నాయో ముందే లెక్కపెట్టుకుంటే చివర్లో ఎన్ని నేలపాలయ్యాయో తెలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క తప్పనిసరి.

మధ్యలో బల్ల ఖాళీ చేయాల్సి వస్తే పిన్నులు పెట్టిన భాగం నుంచి చుట్టండి, మడత పెట్టకండి.

బ్యాటింగ్ పొట్లం మీద క్విల్టింగ్ గీతల మధ్య ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటుంది, అది చూడకుండా డిజైన్ నిర్ణయించొద్దు. ఆ దూరం దాటితే ఉతికాక లోపల గుంపులు కడుతుంది. నూలు బ్యాటింగ్ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం కుంచించుకుంటుంది. ఆ ముడతల అందం కావాలనుకుంటే ఉతక్కుండా వాడండి.

ముక్కలపెట్టె:
ఇక మిషన్ మీద క్విల్టింగ్. గీతలు నేరుగా మొదలై మధ్యలో వంకరపోతున్నాయి, టాకాలు చోటుకొక పొడవు.

మిషన్‌గూడు:
బరువు. బొంత బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతుంటే ఆ బరువు గుడ్డని వెనక్కి లాగుతుంది, పళ్లు ముందుకి తోస్తాయి, మధ్యలో టాకా చిన్నదవుతుంది. ఎడమపక్కనా వెనకా మిషన్ ఎత్తుకి ఏదైనా బల్ల చేర్చండి, బొంత ఎక్కడా వేలాడకూడదు. గట్టిగా చుట్టి మిషన్ చేతికింద తోయడం కంటే, సూది చుట్టూ ఒక దిండంత మేర చదునుగా ఉంచి మిగతాది వదులుగా కుప్పపోయడం నయం.

నేరు గీతలకి వాకింగ్ ఫుట్ (పైపొరని కూడా కిందిపొరతో సమానంగా జరిపే ఫుట్), 90/14 సూది, టాకా 3.0. ముందు మధ్య నిలువు గీత, మధ్య అడ్డ గీత వేసి బొంతని స్థిరపరచండి. తర్వాత మధ్య నుంచి ఒక పక్కకి, ఆపైన తిప్పి రెండో పక్కకి. పక్కపక్క గీతల్ని ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి కుడితే పొరలు ఎదురెదురుగా జరిగి మధ్యలో ఏటవాలు ముడతలొస్తాయి. అన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టండి.

చిట్టిబాబిన్:
పళ్లు దించి చేత్తో తిప్పే పద్ధతిలో నాకు వెనకవైపు వంపుల దగ్గర దారం ఉచ్చులుగా వస్తోంది. టెన్షన్ మార్చినా పోలేదు.

మిషన్‌గూడు:
ఎక్కడొస్తున్నాయో చూస్తే కారణం తెలుస్తుంది.
వంపుల్లోనే వస్తే చేయి సూది కంటే వేగంగా తిరుగుతోంది. వంపులో అందరూ తెలియకుండానే వేగం పెంచుతారు. పెడల్ అలాగే ఉంచి చేయి నెమ్మది చేయండి. టెన్షన్ ముట్టుకోవద్దు.
గీత పొడుగునా వెనక బాబిన్ దారం తీగలా నేరుగా పడుకుని, పైదారం దాని మీద ఉచ్చులు వేస్తుంటే పైటెన్షన్ వదులు, లేదా దారం టెన్షన్ పలకల మధ్యకి దిగలేదు. ఫుట్ పైకెత్తి మళ్లీ దారం ఎక్కించండి, ఫుట్ దించి ఉంటే పలకలు మూసుకుని ఉంటాయి.
పైకి బాబిన్ దారం చుక్కలుగా కనిపిస్తే పైటెన్షన్ బిగువు.
మొదట్లోనే గూడు కడితే ఒక టాకా వేసి బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు కొసలూ పట్టుకుని మొదలుపెట్టండి.

సూదులు విరుగుతున్నాయంటే సూది గుడ్డలో ఉండగా లాగుతున్నారన్నమాట. మిగిలిన బ్యాటింగ్, గుడ్డ ముక్కలతో 12 అంగుళాల మూడు పొరలు చేసి పక్కన ఉంచుకుని, ప్రతిసారీ కూర్చోగానే దాని మీద ఒక నిమిషం కుట్టి వెనక్కి తిప్పి చూసి, తర్వాతే అసలుదానికి వెళ్లండి.

ముక్కలపెట్టె:
బైండింగ్ లెక్క సరేనా చూడండి. చుట్టుకొలత 264, దానికి 10 కలిపి 274. 40 అంగుళాల పట్టీలు 7 అయితే 280. సరిపోతాయి కదా?

నాలుగోవంతు:
సరిపోవు. పట్టీలు 2½ వెడల్పువి, మూలవాటుగా అతికిస్తే ఒక్కో అతుకులో వెడల్పంత, 2½ అంగుళాలు పోతుంది. 7 పట్టీలకి 6 అతుకులు, 15 అంగుళాలు. మిగిలింది 265. ఎనిమిది కోయండి, 20 అంగుళాల గుడ్డ పడుతుంది. నేరుగా అతికిస్తే గుడ్డ మిగులుతుంది కానీ మందమంతా ఒకే చోట పడి గడ్డలా తెలుస్తుంది.

నిలువుగా మధ్యకి మడిచి ఇస్త్రీ చేసి, బొంత అంచుకి తెరిచి ఉన్న అంచులు ఆనించి, ఒక పక్క మధ్యలో మొదలుపెట్టండి. మొదటి 8 అంగుళాలు కుట్టకుండా వదలాలి, చివర కలపడానికి. మూలకి ¼ ముందు ఆగి, వెనక్కి కుట్టి, దారం తెంపి, పట్టీని పైకి 45 డిగ్రీల్లో మడిచి, మళ్లీ కిందకి దించి, అంచు నుంచే మొదలుపెట్టాలి. ¼ ముందు ఆగకపోతే మూల మడత తెరుచుకోదు. అతుకుల్లో ఒకటి సరిగ్గా మూల దగ్గర పడుతుందేమో కుట్టేముందే పట్టీని చుట్టూ వేసి చూసుకోండి. పడితే మొదలుపెట్టే చోటు ఒక జానెడు జరపండి.

చేతికుట్టు:
బైండింగ్‌కి ముందు అంచు నుంచి ⅛ లోపలగా చుట్టూ ఒక పొడుగు టాకా వేస్తే మూడు పొరలూ జారవు. వెనకవైపు చేత్తో ముగించేవాళ్లు దారం 18 అంగుళాలకి మించి తీసుకోవద్దు, గుడ్డలోంచి పదేపదే వెళ్లి పీచులేస్తుంది. టాకాలు ⅛ దూరంలో, మూల మడతని కూడా రెండు టాకాలతో మూసేయండి.

ముక్కలపెట్టె:
ఎనిమిది కోశాను. వేసి చూస్తే మూడో అతుకు మూల మీదే పడుతోంది, జరుపుతున్నాను. ఏటవాలు గారూ, మీ బోర్డరు విప్పారా?

ఏటవాలు:
విప్పాను. నిలువు కొలతలు మూడూ 84½, 84¼, 84¾. సగటు 84½. పట్టీలు కోస్తున్నా.